చిట్టా, ఆవర్జా

మా జేజినాయన లెక్కల పుస్తకం జానెడు వెడల్పు, మూరెడు పొడవు. ఎర్రగుడ్డ అట్ట, మధ్యలో తెల్లదారం కుట్టు. అంగళ్లలో పద్దులు రాసుకునే రకం. కర్నూలు సీమలోని పాములపాడులో పాత ఇల్లు విప్పేటప్పుడు అటక మీద ఇత్తడి బిందెలో దొరికింది. రెండు మూలలు చెదలు తినేసినా రాతకు ఏమీ కాలేదు. నడిమి పేజీల్లో ఒకచోట ఇట్లా ఉంది:

‘స్వాతి రెండో పాదం. బాయి చేను. రెండు పదునుల వాన. సెనగ విత్తినాము. పోయినసారి చేసిన తప్పు చేయగూడదు.’

చివరి వాక్యం కింద రెండు గీతలు. ఎంత గట్టిగా గీశాడంటే పాళీ దిగబడి కాగితం కొంచెం చిరిగింది. తప్పేమిటో మాత్రం రాయలేదు. పుస్తకం ముందుకూ వెనక్కూ మూడుసార్లు తిప్పాను. పాల లెక్కలు, కూలి లెక్కలు, ఎవరికో అప్పిచ్చిన నాలుగు మూటల జొన్నలు, ఒక పెండ్లి చదివింపులు అన్నీ ఉన్నాయి. అది లేదు.

రాసిన సాయంత్రం ఆయనకు ఆ తప్పు కళ్లకు కట్టినట్టు కనపడుతూ ఉండుంటుంది. అందుకే దాన్ని రాయాల్సిన పని లేదనుకున్నాడు. ఈ అధ్యాయమంతా ఆ ‘అనుకోవడం’ గురించే.

1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక తమాషా పరీక్ష పెట్టింది. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఒకరు అందరికీ తెలిసిన పాటను మనసులో పాడుకుంటూ, దాని దరువు మాత్రం బల్లమీద వేళ్లతో తట్టాలి. రెండోవారు అది ఏ పాటో చెప్పాలి. తట్టేవాళ్లను ముందే అడిగితే, సగం పాటలన్నా గుర్తుపడతారని చెప్పారు. మొత్తం 120 పాటలు తట్టారు. ఎదుటివాళ్లు గుర్తుపట్టినవి మూడు.

తట్టేవాడి తలలో పల్లవి, రాగం, వాద్యాలు అన్నీ మోగుతూ ఉంటాయి. వినేవాడికి అందేది టకటకలు. మనం నోట్సు రాసుకునేటప్పుడు జరిగేది ఇదే, కాకపోతే ఇక్కడ వినేవాడు కూడా మనమే. పదేళ్ల తర్వాతి మనం. ఆ మనిషి మనకు బాగా తెలిసినవాడే అన్న భ్రమ ఒకటి ఉంటుంది చూడండి, కొంప ముంచేది అదే. ఎవరికో చీటీ రాస్తే రెండు ముక్కలు ఎక్కువే రాస్తాం. మనకోసం రాసుకుంటే ‘నాకు తెలియదా ఏంది’ అని వదిలేస్తాం.

నిజంగా తెలియదు. ఈ సంగతిని మరిగోల్డ్ లింటన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగం చేసుకొని చూపించింది. 1972లో మొదలుపెట్టి ఆరేళ్లపాటు, రోజుకు కనీసం రెండు సంఘటనల చొప్పున కార్డుల మీద రాసుకుంటూ పోయింది. మొత్తం ఐదువేలకు పైగా కార్డులయ్యాయి. నెలకోసారి కొన్నిటిని తీసి, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని తనను తానే పరీక్షించుకునేది. కొన్ని సంఘటనలు మరిచిపోతానని ఆమెకు ముందే తెలుసు. అనుకోనిది ఇంకొకటి. కొన్ని కార్డులు చదివితే అసలు దేని గురించి రాసిందో తనకే బోధపడలేదు. చేతిరాత తనదే, వాక్యం తనదే, అర్థం మాత్రం కార్డు మీద లేదు. అది రాసిననాటి తలలో ఉండిపోయింది.

మరుపు ఎంత తొందరగా వస్తుందో చెప్పే అంకెలు అంతకు ముందే ఉన్నాయి. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల కూర్పులను వల్లెవేసి, కొంతసేపయ్యాక మళ్లీ నేర్చుకొని, రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం ఆదా. గంటకు 44. ఒక రోజు గడిచేసరికి 34. నెలకు 21. అంటే గండి పడేది మొదటి గంటల్లో, ఆ తర్వాత ఊట మాత్రమే. పొలంలో జరిగిన సంగతికి అర్థం ఉంటుంది కాబట్టి అంత వేగంగా పోదు, నిజమే. కానీ పోయే తీరు అదే. రాత్రి భోజనాల వేళకు గుర్తున్న కారణం, వారం తర్వాత సంతకు పోయేనాటికి ఉండదు.

మరి కాలానికి తట్టుకున్న నోట్సు ఎట్లా ఉంటుంది? దీనికి దూరం పోనక్కరలేదు. మా ఊళ్ల మీదుగానే ఒకాయన రాసుకుంటూ పోయాడు.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బోయీలతో, పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరాడు. పదిహేను నెలలు దాటిన ప్రయాణం. పోయేటప్పుడు అహోబిలం, శ్రీశైలం చూసుకొని, కృష్ణ దాటి, హైదరాబాదు మీదుగా ఉత్తరానికి సాగాడు. అప్పటికి ఈ సీమ కందనూరు (కర్నూలు) నవాబు ఏలుబడిలో ఉంది. కుంఫిణీ వాళ్లు కర్నూలును కలుపుకోవడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది.

ఆయన రోజువారీగా రాసింది ఏమిటో చూస్తే ముచ్చటేస్తుంది. ఈ మజిలీ నుంచి ఆ మజిలీకి ఎన్ని ఆమడలు. దారి రాళ్లదా, రేగడా. ఊళ్లో నీళ్లు ఎట్లాంటివి, దిగడానికి చోటుందా, అంగళ్లలో సామాను దొరుకుతుందా. ఏ నాణెం చెల్లుతుంది. యాత్రికుల దగ్గర ఏమేం వసూలు చేస్తారు. గుడి గొప్పదనం కూడా రాశాడు, కానీ దానికోసం బియ్యం సంగతి మానలేదు.

ఇంత ఓపికగా ఎందుకు రాశాడంటే, చదివేవాడు పక్కన లేడు గనుక. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అనే మిత్రుడు దారి విశేషాలు రాసి పంపమని అడిగాడు. పిళ్లె మద్రాసులో కూర్చొని ఉన్నాడు. దారిలోని ఆత్మకూరు ఎట్లా ఉంటుందో, శ్రీశైలం అడివి ఎట్లా ఉంటుందో ఆయనకు అక్కణ్నుంచి కనపడదు. చూడనివాడికి చెబుతున్నానన్న ఎరుక పేజీ పేజీలో ఉంది. వీరాస్వామయ్య 1836లో పోయాడు. పిళ్లె ఆ రాతల్ని 1838లో అచ్చు వేయించాడు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. దగ్గరదగ్గర రెండు శతాబ్దాలు గడిచాయి. అప్పటి రోడ్లు, ధరలు, సత్రాలు తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ చరిత్రకారులు ఆ పుస్తకం తెరుస్తారు. ఆయన కృష్ణ దాటిన తావుల చుట్టుపక్కల రేవులు చాలావరకు శ్రీశైలం జలాశయం అడుగుకు పోయాయి. నీళ్లు తగ్గిన వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడితే మా ఊళ్ల జనం బండ్లు కట్టుకొని పోయి చూసొస్తారు.

జేజినాయనకు శ్రీనివాసపిళ్లె లాంటివాడు ఒకడుండి, ‘తప్పు అంటే ఏం తప్పప్పా?’ అని అడిగి ఉంటే ఎంత బాగుండేది! నేను ఈ మధ్య ఒక అలవాటు చేసుకున్నాను. ఏదన్నా రాసుకున్నాక, కర్నూల్లో ఉండే మా మేనమామ కూతురు అది చదువుతోందని ఊహించుకుంటాను. ఆమెకు వ్యవసాయం తెలియదు, నోరు మాత్రం పెద్దది. నేను ‘పైపు మార్చినాను’ అని రాసుంటే, ‘ఏ పైపు మామా? ఎందుకు మార్చినావు?’ అని అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉంటే సరి.

బాగా రాస్తే చాలదు, దొరకాలి కూడా. ఇక్కడ మన కరణాలు, కోమట్లు ఎప్పుడో కనిపెట్టిన కిటుకొకటి ఉంది. ఇప్పుడు ‘పాపాల చిట్టా’ అన్న తిట్టులో తప్ప ఆ మాట వినపడటం లేదు గానీ, చిట్టా అంటే రోజు పుస్తకం. ఏ రోజు ఏం వచ్చింది, ఏం పోయింది, జరిగింది జరిగినట్టు వరసగా రాయడమే. ఆలోచించేది లేదు. ఆవర్జా వేరే పుస్తకం. సాయంత్రమో, వారానికోసారో చిట్టాలోని పద్దుల్ని ఆసామీవారీగా, ఖాతావారీగా అందులోకి ఎక్కిస్తారు. ఫలానా ఆయన మనకు ఎంత బాకీ అని అడిగితే చిట్టా మొత్తం తిరగేయనక్కరలేదు, ఆవర్జాలో ఆయన పేజీ తెరిస్తే చాలు. అనుమానమొస్తే ఆవర్జా పద్దు పక్కనున్న తేదీ పట్టుకొని చిట్టాకు పోవచ్చు.

ఈ రెండు పుస్తకాలూ ఎందుకు కావాలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త విల్లెం వాగెనార్ చేసిన పని చదివాక నాకు కొత్తగా అర్థమైంది. ఆయన కూడా లింటన్ లాగానే ఆరేళ్లు తన జీవితాన్ని రాసుకున్నాడు, 2,400కు పైగా సంఘటనలు. ప్రతిదానికీ నాలుగు గడులు: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు. తర్వాత ఒక్కో గడి చూపించి మిగతావి గుర్తొస్తాయేమో పరీక్షించుకున్నాడు. ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. ‘ఏమిటి’ అన్నది అన్నిటికన్నా బాగా జ్ఞాపకాన్ని లాగింది. ‘ఎవరు’, ‘ఎక్కడ’ ఫరవాలేదు. ‘ఎప్పుడు’ ఒక్కటే ఇస్తే దాదాపు ఏమీ రాలేదు. మీరే చూసుకోండి. పోయిన ఏడాది ఆగస్టు 14న ఏం చేశారు? గుర్తు రాదు. మీ బోరు మోటారు కాలిపోయిన రోజు? వెంటనే ఆ వాసన కూడా వస్తుంది.

మనం వాడే డైరీలు మాత్రం అన్నీ తేదీల వరసలోనే ఉంటాయి. ఫోన్‌లో రాసుకునేవీ అంతే, కొత్తది పైన, పాతది కింద. వెతికేటప్పుడు చేతిలో ఉండే తాళంచెవి ‘ఏమిటి’, పెట్టెకు వేసిన తాళం ‘ఎప్పుడు’. అందుకే ఏళ్ల తరబడి డైరీ రాసినవాళ్లు కూడా దాన్ని తెరిచి వాడుకున్నది తక్కువ. చిట్టా ఉంది, ఆవర్జా లేదు. జర్మనీ సమాజ శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ తొంభైవేల చీటీలు రాసి చెక్కపెట్టెల్లో పెట్టుకున్నాడని లోకం విడ్డూరంగా చెప్పుకుంటుంది. చీటీకో నంబరు వేసి, ఒక చీటీ మీద సంబంధమున్న ఇంకో చీటీ నంబరు రాసేవాడు. మా ఊరి అంగడి గుమాస్తా చూసుంటే పెద్దగా ఆశ్చర్యపోయేవాడు కాదనుకుంటాను.

ఎక్కించడంలో ఇంకో లాభం ఉంది. చిట్టాలోది ఆవర్జాకు రాసేటప్పుడు మళ్లీ చదువుతాం. ‘తప్పు చేయగూడదు’ అన్న వాక్యం బాయి చేను పేజీలోకి ఎక్కించాల్సి వచ్చి ఉంటే, ఏ తప్పో రాయకుండా కలం కదిలేది కాదు. ఆ సాయంత్రమే ఎక్కించి ఉంటే, ఎబ్బింగ్‌హౌస్ గండి ఇంకా పూర్తిగా పడని వేళ అది. నేను పుస్తకం వెనకవైపు నుంచి చేనుకో పేజీ, బోరుకో పేజీ, ఇంట్లో మనిషికో పేజీ పెట్టాను. పిల్లల టీకాలు, అమ్మ బీపీ మాత్రలు మారిన తేదీలు అక్కడికే పోతాయి. ఆదివారం పొద్దున అరగంట పని. మూడు వారాలకు ఒకసారి ఎగ్గొడతాను, అది వేరే సంగతి.

తేదీ జ్ఞాపకాన్ని లాగదు గానీ, తేదీ లేని రాత ఇతరులకు కొరగాదు. జేజినాయన పద్దులో ‘స్వాతి రెండో పాదం’ అని ఉంది. ఇది మంచి తేదీయే. తిథులు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కార్తె సూర్యుణ్ని పట్టుకొని నడిచేది కాబట్టి స్వాతి ఏటా అక్టోబరు 24 ప్రాంతంలోనే వస్తుంది. డెబ్బై ఏళ్లకు ఒక రోజు తేడా వస్తే వస్తుంది. రెండో పాదమంటే అక్టోబరు నెలాఖరు. మరి ఏ ఏడాది? మొదటి పుటలో పసుపు బొట్టు కింద ‘రాక్షస నామ సంవత్సరం’ అని ఉంది. అరవై ఏళ్లకొకసారి తిరిగొచ్చే పేరు. 1915 కావచ్చు, 1975 కావచ్చు. సీమలో ధాతు కరువు గురించి చెప్పుకుంటారు కదా, అది 1876 నాటిది. ధాతు మళ్లీ 1936లోనూ, 1996లోనూ వచ్చింది. చెప్పుకునే నోళ్లు బతికున్నంతకాలం ఏ ధాతువో అనుమానం రాదు. కాగితానికి మాత్రం వస్తుంది.

నా అదృష్టం, పేజీల మధ్య నాలుగు మడతలు పెట్టిన శిస్తు రసీదు ఒకటి ఉంది. దానిమీద ఫసలీ 1385. ఫసలీకి 590 కలిపితే 1975. ఆ ఏడాది జూలై నుంచి మరుసటి జూన్ దాకా నడిచే సర్కారు లెక్కల సంవత్సరం అది. రాక్షస, ఫసలీ రెండూ ఒకేచోట కలిశాయి. సెనగ విత్తింది 1975 అక్టోబరు చివర్లో. ఆ రసీదు లేకపోతే నేను ఆయన వయసు లెక్కలు వేసుకుంటూ కూర్చునేవాణ్ని.

కొలత సంగతి ఇంకో చిక్కు. ‘రెండు పదునుల వాన’ అంటే నల్లరేగడి రైతుకు తెలుస్తుంది, నేల ఎంత లోతు తడిసిందో చెప్పే మాట. మిల్లీమీటర్లలో ఎంత? ఆ నేలను బట్టి, అంతకుముందు ఎండిన తీరును బట్టి మారుతుంది. విత్తడానికి అది మిల్లీమీటర్ల కన్నా పనికొచ్చే కొలతే. కానీ చేను అమ్ముడుపోయాక, రెండు పదునులు అనేది పాట లేని దరువు. 2009 అక్టోబరు వరదల్లో కర్నూల్లో మా మేనమామ ‘నీళ్లు మూడో మెట్టు దాకా’ అని క్యాలెండరు మీద రాసిపెట్టాడు. ఇల్లు పడగొట్టి కట్టారు, ఇప్పుడు మెట్లు వేరే వైపున్నాయి. ఆ రోజుల్లోనే శ్రీశైలంలో నీళ్లు పూర్తి మట్టమైన 885 అడుగులు దాటి 896 దాకా పోయాయని రాసిన లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. అది సముద్రమట్టం నుంచి కొలిచింది, ఎవరి మెట్టూ అక్కరలేదు.

మా మండలంలోనే బనకచర్ల రెగ్యులేటరు ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర బయలుదేరే కృష్ణ నీళ్లు పదహారు కిలోమీటర్లు నడిచి అక్కడ తెలుగుగంగకూ, ఎస్సార్బీసీకీ, నిప్పులవాగు మీదుగా కేసీ కాలువ వైపుకూ చీలుతాయి. ఇట్లాంటి చోట నీటి లెక్క రాసే పుస్తకాల్లో గడులు ముందే గీసి ఉంటాయి. గడి ఖాళీగా ఉంటే కంటికి తెలుస్తుంది, రాసేవాణ్ని అడుగుతుంది. జ్ఞాపకశక్తితో పనిలేదు. వాన లెక్క రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త నేర్పుతారు. వాన పడకపోతే సున్నా రాయాలి. గేజీ చూడకపోతే చూడలేదని రాయాలి. ఖాళీ వదిలితే యాభై ఏళ్ల తర్వాత చదివేవాడికి రెండూ ఒకటే. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1850లలో కాంకర్డ్ అనే ఊరి చుట్టూ తిరుగుతూ ఏ పువ్వు ఏ రోజు పూసిందో తన సరదాకు పట్టీలు రాసుకున్నాడు. నూట యాభై ఏళ్ల తర్వాత జీవశాస్త్రజ్ఞులు అవే మొక్కల్ని అదే ఊళ్లో చూసి, పూత సగటున వారం ముందుకు జరిగిందని తేల్చారు. వాతావరణం వేడెక్కుతోందనడానికి ఆ పట్టీలు సాక్ష్యమవుతాయని ఆయన కలగన్నాడా? మొక్క పేరు, చోటు, తేదీ ఉన్నాయి, అంతే.

ఇక కాగితం. తాటియాకు మీద గంటంతో గీస్తే చెరగదు. కడితం అలా కాదు. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి, నల్లపలక లాగా చేసి బలపంతో రాసేవాళ్లు, అవసరమైతే తుడిచి మళ్లీ రాసేవాళ్లు. రెండూ పురుగులకు, తేమకు లోబడేవే. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెల (ఊరి లెక్కల పుస్తకాల) నుంచి సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, మద్రాసులో శిథిలమవుతుంటే, సి.పి. బ్రౌను మళ్లీ కాపీలు రాయించాడు. మిగిలింది అందువల్లే. నేను నేర్చుకున్న పాఠం మాత్రం కాస్త చిల్లరది. రెండేళ్ల కింద ఒకచోట కొన్న సెనగ విత్తనం సరిగ్గా మొలవలేదు. బిల్లు భద్రంగా ప్లాస్టిక్ కవర్లో దాచానని ధీమాగా తీస్తే, తెల్ల కాగితం! ఆ బిల్లుల మీద సిరా ఉండదు. కాగితానికి పూసిన రంగు మందు, ఆమ్ల గుణమున్న ఇంకో మందు వేడికి కరిగి కలిస్తే నల్లబడుతుంది. ఎండ తగిలినా, నూనె చేయి తగిలినా, ప్లాస్టిక్ కవరుకు మెత్తదనమిచ్చే రసాయనాలు తగిలినా ఆ కలయిక విడిపోతుంది. నేను దాచిన కవరే దాన్ని చెరిపేసింది. ఇప్పుడు కొన్న రోజే ఫోటో తీసి, లాట్ నంబరు కలంతో చేను పేజీలో ఎక్కిస్తున్నాను.

తిరిగి ఆ తప్పు దగ్గరికి. పోయిన సంక్రాంతికి మా చిన్న జేజిని అడిగాను. ‘వాన వెలవకముందే విత్తినాడు నాయనా. బురదలో వేసినట్టే. గింజ కుళ్లిపాయ’ అంది. అదే మాట చిన్నాయనను అడిగితే తల అడ్డంగా ఊపాడు. ‘యాడిది! వరసగా రెండేండ్లు అదే చేన్లో సెనగే వేసిరి. ఎండు తెగులొచ్చి సగం పోయింది.’ ఆ తెగులు బూజు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ఆయన చెప్పిందీ జరగదగ్గదే. జేజి మాట నిజమైతే నేను పదును ఆరేదాకా ఆగాలి. చిన్నాయన మాట నిజమైతే చేనే మార్చాలి.

జేజినాయన గీసిన రెండు గీతల కింద పెన్సిలుతో రెండు మాటలూ రాశాను. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో, 1974 నాటి సంగతిగా చెప్పారనీ రాశాను. ‘ఏది నిజమో తేలలేదు’ అని కూడా. పేజీ కింద నాలుగు వేళ్ల జాగా మిగిలింది. ఆత్మకూరులో ఉండే మా మేనత్తను ఇంకా అడగలేదు.